పెన్‌డ్రైవ్‌తో బూట్ కాని పాత లాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేదెలా?

హన్మకొండ నుంచి అడుగుతున్నా. పాత 32 బిట్ లాప్‌టాప్, డీవీడీ డ్రైవ్ పోయింది. బయోస్ బూట్ మెనూలో హార్డ్ డిస్క్, సీడీ, నెట్‌వర్క్ మూడే ఉన్నాయి, యూఎస్‌బీ ఊసే లేదు. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్ ఐఎంజీ ఫైల్‌ను డీడీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాశాను. తమ్ముడి కంప్యూటర్‌లో అది బానే లేస్తోంది.

ఇక మిగిలింది నెట్‌వర్క్ బూట్. నా లాప్‌టాప్‌కూ తమ్ముడి కంప్యూటర్‌కూ మధ్య లాన్ కేబుల్ వేసి, తమ్ముడి లైనక్స్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌తో డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ ఇచ్చేది), టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపేది) నడిపిద్దామని ఆలోచన. అందులో పీఎక్స్‌ఈబూట్ (నెట్‌వర్క్ బూట్‌లోడర్), బీఎస్‌డీ.ఆర్‌డీ (ఇన్‌స్టాలర్ ఉన్న కెర్నల్, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రామ్) ఫైళ్లు పెడితే ఇన్‌స్టాలర్ దాకా వస్తుందని అర్థమైంది. నా డౌట్ ఆ తర్వాతే. బయోస్‌కు కనిపించని పెన్‌డ్రైవ్, కెర్నల్ లేచాక కనిపిస్తుందా? ఫైల్ సెట్లు (ఎక్కించాల్సిన సిస్టమ్ ఫైళ్ల కట్టలు) ఎక్కడున్నాయని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు 'డిస్క్' అని ఇచ్చి దాన్నుంచే ఎక్కించొచ్చా, లేక హెచ్‌టీటీపీ సర్వర్ కూడా పెట్టాలా? బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. అందుకే ఈ టెన్షన్. ఇలా చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.