దత్తపది: పెన్, మెన్, టెన్, డెన్

తిరుచానూరు మాస్టారు: ఈ వారం సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం) బదులు దత్తపది, అంటే ఇచ్చిన మాటలు ఇమిడేలా పద్యం రాయడం. చివర 'ఎన్' వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలు ఇస్తున్నా, తేటగీతిలోగానీ ఆటవెలదిలోగానీ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా విషయం ఏదైనా రాయండి. ఇంగ్లీషు అర్థం మాత్రం ఎక్కడా కనిపించకూడదు, మాట తెలుగులో కరిగిపోవాలి. హెన్ కూడా ఇద్దామనుకున్నా కానీ పాపం మీరు ఏడుస్తారని డెన్ పెట్టా.

చంద్రగిరి అల్లుడు: శ్రీనివాసుడి పెళ్లి అప్పు మీద నా పూరణ, తేటగీతి.

పెన్నిధానమ్ము నీవయ్య వేంకటేశ!
కావుమెన్నడు విడువక కలియుగమున
అప్పు మాటెన్న నేటికి నటులె యుండె
ధనదుడెన్నడో వడ్డికై తలుపు దట్టు!

పుత్తూరు విద్యార్థి: ధనదుడు అంటే కుబేరుడే కదా, సూపర్ అన్నా. కానీ మూడో పాదంలో 'అ'కి 'న'తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) ఎలా కుదిరింది?

తిరుచానూరు మాస్టారు: నేటికిన్ + అటులె అని విడదీసి చూడు నాయనా. ద్రుతం, అంటే ఆ చివరి నకారం, వచ్చి కలిసింది, యతి లోపలున్న అచ్చుకి. అల్లుడు గారూ, రెండో పాదం చివర 'కలియుగమున' అని ఆగి 'అప్పు' అని మొదలుపెడితే విసంధి, అంటే సంధి కలపని దోషం, 'నప్పు' అనేస్తే పోతుంది. నాలుగో పాదం మాత్రం భలే పడింది, నారాయణవనంలో పెళ్లి చేసుకుని ఇన్ని యుగాలైనా అప్పులాయన వస్తాడేమోనని స్వామికే టెన్షన్!

కాణిపాకం రైతుబిడ్డ: నాది ఆటవెలది, తోతాపురి మామిడి తోటల మీద.

పెన్షనొచ్చెననుచు పెద్దాయన మురిసె
తోట భాగ్యమెన్న దుడ్డు లేదు
మండివారి ధరకు మాటెన్న నేమౌను
వణిజుడెన్ను లెక్క వడ్డితోడ

చంద్రగిరి అల్లుడు: గణాలన్నీ సరిపోయాయి కానీ పెన్షన్ ఇంగ్లీషే కదా బ్రదర్, పెన్ దాచమంటే ఇంకో ఇంగ్లీషు మాటలో దాచావు.

తిరుచానూరు మాస్టారు: అవును, అది ఒప్పుకోను. మూడో పాదం కూడా కొంచెం తొట్రుపడింది, ధరకు మాట ఎన్నడమేమిటి? రెండోది మాత్రం నాకు తెగ నచ్చింది. 'తో'కి 'దు' యతి చక్కగా కుదిరింది, పైగా దుడ్డు మన సీమలో రోజూ వినపడే మాట, గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడి ట్రాక్టర్ల క్యూలో నిలబడిన రైతు అన్నట్టే ఉంది. మొదటి పాదం ఇలా మార్చి చూడు:

పెన్నిధిగను నాటె బెద్దాయన మునుపు

అప్పుడు తర్వాతి పాదం దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

కాణిపాకం రైతుబిడ్డ: బాగుంది సార్, కానీ మా పెద్దాయన నిజంగానే పెన్షన్ తీసుకుంటాడు.

తిరుచానూరు మాస్టారు: అయితే దానికి వేరే పద్యం రాయవయ్యా, పింఛను అని. పుత్తూరు నుంచి ఇంకా పూరణ రాలేదు, ప్రశ్నలే వస్తున్నాయి.