బర్మా–సయామ్ రైలు మార్గం: మా చిన్నతాత అక్కడ పనిచేశారా?

ప్రశ్న (హనుమకొండ):
మా తాతగారి తమ్ముడు నిజాం సైన్యంలో చేరి మలయాకు వెళ్లారని, సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ వారికి చిక్కారని, తరువాత ఆయన చేత అడవిలో రైలు పట్టాలు వేయించారని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1946లో తిరిగి వచ్చినా ఆయన ఆ విషయం ఎత్తితే లేచి వెళ్లిపోయేవారట. ఇది థాయ్‌లాండ్‌లో (పాత పేరు సయామ్) కాంచనబురి వంతెన ఉన్న మార్గమేనా?

జవాబు (కాజీపేట, విశ్రాంత రైల్వే ఉద్యోగి):
నిజాం వారి 1వ హైదరాబాద్ పదాతిదళం 1941 డిసెంబరులో మలయాలోని కోటా భారు విమానాశ్రయం దగ్గర ఉన్న మాట నిజమే. అయితే బ్రిటిష్ భారత సైన్యంలో 'హైదరాబాద్ రెజిమెంటు' అని వేరొకటి ఉండేది; అందులో ఎక్కువమంది ఉత్తరాది వారే కనుక, తరువాత అదే కుమావూ రెజిమెంటు అయింది. పేరు చూసి పొరబడవద్దు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయిన రెండు రోజులకే అక్కడి ఫారర్ పార్కులో భారతీయ సైనికులను తెల్లవారి నుంచి వేరు చేశారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరగా, చేరని వారిలో వేలమందిని న్యూగినీ వైపు దీవులకు కూలిపనికి తరలించారు. ఆ రైలు మార్గంలో పనిచేసిన దాదాపు 60 వేల మంది యుద్ధఖైదీలు బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియన్ సైనికులు, కొద్దిమంది అమెరికన్లు. వారిలో 12 వేలకు పైగా మరణించారు. రంగూన్‌కు సముద్ర మార్గం ప్రమాదకరమైనందున, జపాన్ వారు సయామ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని థన్‌బ్యూజయాట్ దాకా 415 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైనును 1943 అక్టోబరు 17కల్లా కలిపేశారు. పట్టాల మీదే బతికిన నాకు ఆ వేగం నమ్మశక్యం కాదు: హెల్‌ఫైర్ పాస్ అనే చోట కొండను తొలచడానికి ఒకరు ఉక్కు డ్రిల్లు పట్టుకుంటే మరొకరు సమ్మెటతో కొట్టి, ఆ రంధ్రంలో మందు పెట్టి పేల్చి, ఆ రాళ్లను చేతులతో ఎత్తిపోశారు.

జవాబు (కరీంనగర్):
పై మిత్రులు ఖైదీల వరకే చెప్పారు. అక్కడ పనిచేసిన వారిలో అత్యధికులు ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల నుంచి కూలి ఆశ చూపి కొందరిని, బలవంతంగా కొందరిని తీసుకువెళ్లారు. తమిళులు ఎక్కువ, వారితో తెలుగువారూ ఉన్నారు. బర్మా, జావా వారు సరేసరి. ఖైదీల శిబిరాలలో మందులు లేకపోయినా సైనిక వైద్యులైనా ఉండేవారు కాబట్టి నీరు కాచి తాగించడం వంటి కట్టుబాట్లు సాగాయి. కూలీలకు అదీ లేదు. 1943 వానాకాలంలో కలరా సోకినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. వారి మరణాలను దాదాపు 90 వేలుగా అంచనా వేస్తారు. కాంచనబురిలో సుమారు 7 వేల మంది సైనికుల సమాధులకు వరుసగా పలకలున్నాయి. గుంతల్లో పూడ్చిన కూలీలకు పేర్లే మిగలలేదు. ఇక మీ ప్రశ్నకు వస్తే, పై మిత్రులు చెప్పిన ఖైదీలలో భారతీయ సైనికుల ప్రస్తావన లేదు కాబట్టి మీ చిన్నతాతగారు పట్టాలు వేసింది నిజమైనా, అది ఈ లైనే అయివుండే అవకాశం తక్కువ.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆయన ట్రంకుపెట్టెలో సైన్యం నుంచి విడుదలైన కాగితం ఒకటి ఉంది. అది ఉర్దూలో ఉంది, మా ఇంట్లో చదవగలిగిన వారు ఇప్పుడు ఎవరూ లేరు. మండి బజారులో ఒక పెద్దాయన చదివి పెడతానన్నారు. అందులో ఏ దళం పేరు ఉందో తెలిశాక ఇక్కడే రాస్తాను.