మేడమీద గదిలో హెచ్‌ఓ లేఅవుట్: బెజవాడ జంక్షనా, కృష్ణా కెనాలా?

పటమట ప్యాసింజర్:
అందరికీ నమస్కారమండి. బెజవాడలో ఏడుగురం కలిసి చిన్న మోడల్ రైల్వే క్లబ్బు నడుపుతున్నాం. ఇన్నాళ్లూ ఆదివారం ఎవరో ఒకరింటి హాల్లో పట్టాలు పరవడం, సాయంత్రానికి ఇల్లాలి మొహం చూసి అట్టపెట్టెల్లోకి సర్దెయ్యడం. ఇప్పుడు మాలో ఒకాయన మేడమీద గది ఇచ్చారు. లోపల 20 అడుగులు బై 12. తలుపు రెండున్నర అడుగులు. మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి.

హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అది ఖాయం. ఉన్న బండ్లన్నీ అవే. డీసీసీ, అంటే పట్టాల్లోంచే డిజిటల్ సంకేతాలు పంపి ఒక్కో ఇంజన్ని విడిగా నడిపే పద్ధతి, అదీ ఖాయం. గొడవల్లా ఏ స్టేషన్ కట్టాలన్న దగ్గరే. నలుగురు విజయవాడ జంక్షన్ పది ప్లాట్‌ఫారాలతో సహా కట్టాల్సిందే అంటున్నారు. నా మనసేమో కృష్ణా కెనాల్ జంక్షన్ మీద ఉంది. కృష్ణ మీద రైలు బ్రిడ్జి దాటాక తెనాలి లైను ఒకవైపు, గుంటూరు లైను ఒకవైపు చీలే చోటు. స్టేషన్ చిన్నదే, కానీ బెజవాడ నుంచి మద్రాసు పోయే బండేదైనా దాని మీంచి పోవాల్సిందే.

లెక్క కూడా వేసి చూపించా. ఐసీఎఫ్ (పెరంబూరు ఫ్యాక్టరీ) పెట్టె బఫర్లతో కలిపి సుమారు 22.3 మీటర్లు. 87తో భాగిస్తే 25.6 సెంటీమీటర్లు. 24 పెట్టెలకి ముందొక వ్యాప్-7 కరెంటు ఇంజను తగిలిస్తే బండి 6.4 మీటర్లు, అంటే 21 అడుగులు. గది 20 అడుగులు! బండే పట్టని గదిలో యార్డు ఎక్కడ పెడతారండీ? "కుదిద్దాం" అంటారు. ఆరు పెట్టెల బండికి పది ప్లాట్‌ఫారాలంటే పది పందిళ్లు వేసి నలుగురు చుట్టాల్ని పిలిచినట్టుంటుంది. ఇంకొకాయన ప్రకాశం బ్యారేజీ కూడా కావాలన్నారు. అది 1223.5 మీటర్లు, స్కేల్లో 14 మీటర్లు. నేనేం మాట్లాడలేదు.

ఇలాంటి గదిలో కట్టినవాళ్లుంటే చెప్పండి. నేను మొండికేస్తున్నానా, లేక నా మాటలో పస ఉందా?

బ్రాడీపేట గార్డు:
పస ఉంది. కెనాలే కట్టండి. గుంటూరు వాణ్ని కాబట్టి అంటున్నాననుకున్నా పర్లేదు.

గది మధ్యలో పెద్ద బల్ల వద్దు, గోడల చుట్టూ అరలా తిప్పండి. వెడల్పు రెండు అడుగులు చాలు, రెండున్నర దాటితే పట్టా తప్పిన పెట్టెకి చెయ్యి అందదు. వంపు వ్యాసార్థం 30 అంగుళాలకి తగ్గొద్దు. 18 అంగుళాల వంపులో ఐసీఎఫ్ పెట్టెలు నడుస్తాయి గానీ, మూలలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి ఏడుపొస్తుంది. పొడుగు గోడలో రెండు మూలల వంపులకి ఐదున్నర అడుగులు పోయినా పద్నాలుగున్నర మిగులుతుంది. ఎనిమిది పెట్టెలు, ఇంజను కలిపి ఏడున్నర అడుగులు. లూప్ లైను (బండి పక్కకి తప్పుకునే లైను), పాయింట్లు (పట్టా మారే చోట్లు) హాయిగా పడతాయి.

పొట్టి గోడ మీద నది. మీరు దిగువన నిలబడి ఎగువకి చూస్తున్నట్టు పెట్టుకోండి: కుడిచేతివైపు బెజవాడ, ఎడమవైపు సీతానగరం కొండ. బ్యారేజీ అడిగినాయనకి వెనక గోడ మీద రంగుల్లో వేసివ్వండి, ఇంద్రకీలాద్రితో సహా. ఆయనా సంతోషిస్తారు. బండి గోడ వెనక్కి మాయమయ్యే చోట కొండ అడ్డం పెట్టండి. సొరంగం మాత్రం పెట్టొద్దు. మనకున్న పేరుమోసిన సొరంగం చిట్టినగర్‌ది, అది రోడ్డుది.

తలుపున్న గోడవైపు కనపడని యార్డు, అంటే బండ్లు చూసేవాళ్లకి కనిపించకుండా ఆగే చోటు. ఒక కొసన బెజవాడ లైను, రెండో కొసన తెనాలి, గుంటూరు లైన్లు రెండూ కలపండి. పొరపాటున గుంటూరు లైను తిప్పి బెజవాడ కొసన కలిపారో, అది రివర్స్ లూప్, అంటే బండి చుట్టు తిరిగి బయల్దేరిన లైనుకే ఎదురొచ్చే దారి. ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకి తగిలి షార్ట్ అవుతుంది. అప్పుడు అక్కడ కరెంటుని దానంతటదే తిరగేసే ఆటో రివర్సర్ కొనాలి.

19.3:
అసలు విషయం ఎవరూ మాట్లాడరేం? మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1:87లో 19.3 రావాలి. మీరు పరిచే హెచ్‌ఓ ట్రాకు 16.5. అది స్టాండర్డ్ గేజ్. దానిమీద మన బండి పెడితే నడుం సన్నబడినట్టుంటుంది.

పటమట ప్యాసింజర్:
అన్నా, నిజమే. కానీ పట్టాలన్నీ చేత్తో వేసుకుని, ప్రతి చక్రం మార్చుకునేలోపు మాలో సగం మంది రిటైరవుతారు. 16.5కే ఓటు.

ఆటోనగర్ బాబాయ్:
ఆ మెట్ల మలుపు సంగతి ముందు చూడు అబ్బాయ్. నాలుగడుగులు బై రెండడుగుల ముక్కలుగా చేసి బోల్టులతో బిగించు. రేపు ఆయన గది ఖాళీ చెయ్యమంటే రంపం వెయ్యక్కర్లేదు.

ప్లైవుడ్ వాటర్‌ప్రూఫ్‌ది తీసుకో, అంచులతో సహా అన్నివైపులా ప్రైమర్ కొట్టు. వానాకాలంలో చెక్క ఉబ్బడమే పట్టాకి పెద్ద శత్రువు. ఎండ సంగతికొస్తే, మూడడుగుల పట్టా 25 డిగ్రీల తేడాకి సుమారు 0.4 మిల్లీమీటరు సాగుతుంది. పది ముక్కలు ఏకంగా సోల్డరింగ్ చేశావనుకో, మేలో 4 మిల్లీమీటర్లు ఎటు పోతుంది? పక్కకి తన్నేస్తుంది. డిసెంబరులో పరిస్తే ఫిష్‌ప్లేటు (పట్టాల్ని కలిపే అతుకు రేకు) దగ్గర విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదులు.

కరెంటుకి ఫిష్‌ప్లేట్లని నమ్మొద్దు. కింద 2.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు బస్‌గా (కరెంటు మోసే అసలు తీగగా) లాగి, ప్రతి పట్టా ముక్కకీ దాన్నుంచి డ్రాపర్, అంటే చిన్న తీగ, వెయ్యి. అయ్యాక లేఅవుట్ అంతా తిరుగుతూ పట్టాల మీద రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి చూడు. పెట్టిన ప్రతిచోటా బూస్టర్ (పట్టాలకి కరెంటిచ్చే డీసీసీ పెట్టె) టక్కున ట్రిప్పవ్వాలి. ఎక్కడ అవ్వలేదో అక్కడ వైరు చాల్లేదని.

కొండపల్లి దారి:
కంకరకి డబ్బులు తగలెయ్యకండి. అసలు కంకరరాయి 65 మిల్లీమీటర్లకి మించదు, స్కేల్లో ముప్పావు మిల్లీమీటరు. కృష్ణ ఇసుక కడిగి ఎండబెట్టి, రవ్వ జల్లెడలో దిగి మైదా జల్లెడలో ఆగింది తీసుకోండి. తర్వాత ప్లాస్టిక్ కవర్లో అయస్కాంతం పెట్టి ఆ ఇసుకలో తిప్పండి. నల్ల రేణువులు కవరుకి మీసాల్లా లేస్తాయి. అవి పోయేదాకా తిప్పాలి, లేదంటే నేరుగా ఇంజను మోటారులోకెళ్లి కూర్చుంటాయి. నీళ్లు కలిపిన ఫెవికాల్లో అంట్ల సబ్బు చుక్క వేసి డ్రాపర్ సీసాతో వదలండి, ఇంకుతుంది.

కొండకి థర్మోకోల్ మీద మా ఊరి బొమ్మలవాళ్లు అతుకులకి వాడే మక్కు, అదే చింతగింజల పిండి, రంపపుపొట్టు ముద్ద, పట్టించి చూడండి. ఆరాక చాకుతో రాయిలా చెక్కుకోవచ్చు.

పటమట ప్యాసింజర్:
గార్డు గారూ, మీ ప్లాను గీసి మావాళ్ల ముందు పెట్టా. గోడమీద బ్యారేజీ అనేసరికి ఆయన మనవైపు తిరిగారు. ఇప్పుడు నలుగురం అయ్యాం. బాబాయ్, ప్లై 12 ఎంఎం సరిపోతుందా, 18 కావాలా?

ఆటోనగర్ బాబాయ్:
12 చాలు. కింద అడుగుకో అడ్డపట్టీ వెయ్యి. 18 వేస్తే ఆ మెట్లమీద మోసేది ఎవరు?