టీహెచ్1, టీహెచ్2, టీహెచ్17: మీ జబ్బులో, మీ ల్యాబులో ఏం చూశారు?

సెకండియర్_కాకినాడ:
అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ రెండో ఏడు, ఇమ్యునాలజీ నడుస్తోంది. సీడీ4 అనే టీ కణం (ఒక రకం తెల్లకణం) మొదట నాయివ్‌గా, అంటే ఇంకా ఏ రకమూ తేలకుండా ఉంటుందనీ, తర్వాత టీహెచ్1, టీహెచ్2, టీహెచ్17, టీ-రెగ్ అని చీలుతుందనీ, ఒక్కోటీ ఒక్కో రకం సైటోకైన్లు (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్లు) వదులుతుందనీ పట్టిక మొత్తం నోటికొచ్చేసింది. వార్డులోకి వెళ్తే మాత్రం ఏ గడి ఏ పేషెంటుదో తెలియట్లేదు. జబ్బుపడి లేచినవాళ్ళు, ల్యాబుల్లో చేసేవాళ్ళు కళ్ళారా చూసింది చెప్పండి.

రిటైర్డ్_పీఎండబ్ల్యూ:
బాబూ, నేను కుష్ఠు విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. టీహెచ్1 అన్న మాట ట్రైనింగులో వినలేదు గానీ, నువ్వడిగేది మేం రోజూ చూసిందే. ఒకే ఊళ్ళో ఇద్దరు. ఒకాయనకి వీపు మీద ఒక్కటే మచ్చ. అంచు కాస్త లేచి ఉంటుంది, దాని మీద వెంట్రుక ఉండదు, చెమట పట్టదు, పెన్ను మొన ఆనించినా తెలియదు. స్మియర్ తీస్తే, అంటే చర్మాన్ని గీరి గాజుపలక మీద పూసి చూస్తే, ఒక్క క్రిమి కనపడదు. రెండో ఆయనకి మచ్చంటూ విడిగా తెలియదు. చెవితమ్మెలు దళసరెక్కి బుడిపెలు కట్టాయి, కనుబొమలు రాలిపోయాయి. చెవితమ్మె నుంచి తీసిన స్మియర్‌లో నీలం మీద ఎర్రటి పుల్లలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఇద్దరికీ సోకింది అదే కుష్ఠు క్రిమి, మైకోబాక్టీరియం లెప్రే. మొదటిదాన్ని ట్యూబర్‌క్యులాయిడ్, రెండోదాన్ని లెప్రొమాటస్ అనేవారు మా డాక్టరుగారు.

ఇమ్యునో_పీహెచ్‌డీ:
మాస్టారూ, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. తమ్ముడూ, ఇది పట్టుకో. క్రిమిని మింగిన డెండ్రైటిక్ కణం లింఫు గ్రంథికొచ్చి, దాని ముక్కని నాయివ్ టీ కణానికి చూపిస్తుంది. ఎవరి మీద పోరాడాలో ఆ ముక్క చెబుతుంది. ఎలా పోరాడాలో మాత్రం ఆ సమయంలో చుట్టూ ఉన్న సైటోకైన్లు చెబుతాయి. ఐఎల్-12 అనే సైటోకైన్ అందితే, కణం లోపలి స్టాట్4 అనే ప్రొటీన్ మేలుకుని, టీ-బెట్ అనే ఇంకో ప్రొటీన్ పైచేయి అయి, కణం టీహెచ్1 అవుతుంది. అది వదిలే గామా ఇంటర్‌ఫెరాన్ మాక్రోఫేజ్‌కి (క్రిముల్ని మింగే కణానికి) చేరితే, అంతవరకూ దాని కడుపులో హాయిగా బతికిన లెప్రే క్రిమి చస్తుంది. మొదటి ఆయనలో జరిగింది ఇదే. ఐఎల్-4 అందితే స్టాట్6, గాటా3 దారిలో టీహెచ్2 అవుతుంది. అప్పుడు యాంటీబాడీలు బోలెడు తయారవుతాయి, కానీ కణం లోపల దాక్కున్న క్రిమిని అవి చేరలేవు. రెండో ఆయనలాంటి లెప్రొమాటస్ రోగుల చర్మంలో ఐఎల్-4, ఐఎల్-10 ఎక్కువగా దొరుకుతాయి.

పైగా గామా ఇంటర్‌ఫెరాన్ టీహెచ్2ని అణుస్తుంది, ఐఎల్-4 టీహెచ్1ని అణుస్తుంది. అందుకే ఒకసారి ఒకవైపు ఒరిగాక అటే పోతుంది. ఈ రెండు రకాల్నీ 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ ఎలుక టీ కణాల్లో గుర్తించారు. మనుషుల్లో ఇంత శుభ్రంగా ఉండదు. మధ్యలో ఊగిసలాడే బోర్డర్‌లైన్ కేసులే ఎక్కువ.

రిటైర్డ్_పీఎండబ్ల్యూ:
ఆ బోర్డర్‌లైన్ వాళ్ళతోనే మాకు అసలు గండం. ఎండీటీ (కుష్ఠుకిచ్చే పలు మందుల కోర్సు) మొదలెట్టాక కొందరికి మచ్చలు ఎర్రబడి ఉబ్బేవి, మోచేతి దగ్గర నరం తాడులా లావెక్కి ముట్టుకోనిచ్చేవారు కాదు. మందు పడలేదని కోర్సు మానేసేవాళ్ళు. వెంటనే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పడకపోతే వేళ్ళు వంకర్లు పోయేవి.

ఇమ్యునో_పీహెచ్‌డీ:
అది టైప్ 1 రియాక్షన్. టీహెచ్1 ఒక్కసారిగా పుంజుకుంటుంది. నరంలో క్రిమి ఉంది కాబట్టి దెబ్బ నరానికే తగులుతుంది.

పొలుసుల_బాధితుడు:
నాకు సోరియాసిస్. మాత్రలకు లొంగకపోతే సెక్యుకినుమాబ్ ఇంజెక్షన్ రాశారు, అది ఐఎల్-17ని ఆపుతుందట. మొదలెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీకి రక్తపరీక్ష చేయించారు. చర్మం బాగా తేటపడింది. కానీ నాలుక మీద తెల్లటి పూత వచ్చి కారం తినలేకపోయాను. క్యాండిడా అనే ఫంగస్ అన్నారు, నోట్లో పూసుకునే మందుతో పోయింది. ఈ రెంటికీ సంబంధం ఉందా?

ఇమ్యునో_పీహెచ్‌డీ:
సూటిగా ఉందండీ. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్‌తో పాటు ఐఎల్-6 అందిన నాయివ్ కణం ఆర్‌ఓఆర్-గామా-టీ దారిలో టీహెచ్17 అవుతుంది, ఐఎల్-23 దాన్ని నిలబెడుతుంది. నోట్లో, చర్మం మీద క్యాండిడాని అదుపులో పెట్టేది టీహెచ్17 వదిలే ఐఎల్-17. మీ చర్మంలో అది మితిమీరింది, ఆపితే నోట్లో కాపలా సడలింది.

టీబీ పరీక్ష కూడా టీహెచ్1 గురించే. మీ రక్తంలో టీబీ క్రిమి ప్రొటీన్లు కలిపి రాత్రంతా ఉంచి గామా ఇంటర్‌ఫెరాన్ ఎంత వచ్చిందో కొలుస్తారు. క్రిమిని ముందే ఎరిగిన టీ కణాలుంటే అది పెరుగుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి, టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్‌ని ఆపే మందులతో దాగి ఉన్న టీబీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఐఎల్-17 మందులతో అది తక్కువే అయినా పరీక్ష మానరు.

గోదారి_గట్టు:
మా నాన్నగారికి రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసమని పంపులు వాడారు. తర్వాత ఒక డాక్టరు రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు 3,000 దాటాయని చూసి, బోదకాలు పురుగు వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఇసినోఫీలియా అని తేల్చి 3 వారాలు డీఈసీ అనే బోదకాలు మందు మాత్రలు ఇచ్చారు. దగ్గు పోయింది.

ఇమ్యునో_పీహెచ్‌డీ:
ఇది టీహెచ్2 మొహం. ఐఎల్-5 ఇసినోఫిల్స్‌ని పెంచుతుంది, ఐఎల్-4 వల్ల ఐజీఈ అనే యాంటీబాడీ పెరుగుతుంది. పురుగుల మీద మనకున్న ఆయుధం అదే. ఇసినోఫిల్స్ ఎక్కువుండే మొండి ఉబ్బసంలో వాడే మెపోలిజుమాబ్ పట్టుకునేదీ ఆ ఐఎల్-5నే.

ఏఆర్‌టీ_ల్యాబ్:
నేను ఫ్లో సైటోమీటర్ అనే కణాలు లెక్కపెట్టే యంత్రం మీద సీడీ4 కౌంట్లు తీస్తాను. అందులో ఎన్ని కణాలున్నాయో తెలుస్తుంది, ఏ రకమో తెలియదు. హెచ్‌ఐవీతో కౌంటు 200 కిందికి దిగినవాళ్ళలో ఇలాంటివి చాలా ఒకే మనిషిలో చూస్తాం: మీరు చెప్పిన నోటి క్యాండిడా, టీబీ, వాటితో పాటు న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియా. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మొదలెట్టి కౌంటు లేస్తుంటే కొందరికి మెడ బిళ్ళలు ఉబ్బి జ్వరం వస్తుంది. లోపల దాగిన టీబీని కోలుకున్న టీ కణాలు అప్పుడు గుర్తుపడతాయి. మందు మానొద్దు, వెంటనే సెంటర్‌కి రండి అని మాకు దొరికిన ప్రతివాళ్ళకీ చెబుతాం. మాస్టారు చెప్పిన కుష్ఠు రియాక్షన్ చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది.

సెకండియర్_కాకినాడ:
అందరికీ చాలా థ్యాంక్స్. మరి టీ-రెగ్?

ఇమ్యునో_పీహెచ్‌డీ:
ఇందాకటి టీజీఎఫ్-బీటానే. పక్కన ఐఎల్-6 లేకుండా ఐఎల్-2 ఉంటే ఫాక్స్‌పీ3 అనే జీన్ వెలిగి టీ-రెగ్ అవుతుంది, మిగతావాటిని ఆపుతుంది. టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి నుంచే టీ-రెగ్‌గా తయారై వచ్చేవి వేరే ఉన్నాయి. ఫాక్స్‌పీ3 జీన్ చెడి పుట్టిన మగపిల్లల్లో పసితనంలోనే పేగులు, చర్మం, క్లోమం మీద సొంత టీ కణాలే విరుచుకుపడతాయి. ఈ పరిశోధనకే 2025 నోబెల్ బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు వచ్చింది.

పొలుసుల_బాధితుడు:
చివరిగా ఒకటి. మా బంధువొకాయన ఇమ్యూనిటీ పెంచే పొడి తెచ్చిచ్చారు. ఇంజెక్షన్‌తో పాటు వాడొచ్చా?

ఇమ్యునో_పీహెచ్‌డీ:
మీ టీహెచ్17 ఇప్పటికే ఎక్కువై కదా ఇంజెక్షన్ తీసుకుంటున్నారు, ఇంకా ఏది పెంచుతారు? డబ్బా మీద ఏమేం కలిపారో ఫొటో తీసి మీ చర్మం డాక్టరుకి చూపించండి. ఆయన చెప్పేదాకా మూత తీయకండి.