క్వాంటం వాల్యూమ్‌ని ఇంకా నమ్మాలా? (చర్చ)

కొత్త_క్యూబిట్:
2020లో ఐబీఎం తన 27 క్యూబిట్ల (క్వాంటం బిట్ల) క్వాంటం కంప్యూటర్‌కి క్వాంటం వాల్యూమ్ (క్యూవీ, మెషీన్ సత్తాని ఒకే అంకెలో చెప్పే కొలత) 64 అని ప్రకటించింది. 64 అంటే 2కి 6వ ఘాతం. అంటే పరీక్ష 6 క్యూబిట్ల మీదే. మిగతా 21 సంగతి ఆ అంకెలో లేదు. రెండు మెషీన్లని పోల్చడానికి ఈ కొలత పనికొస్తుందంటారా?

హెవీ_అవుట్‌పుట్:
భేషుగ్గా. ఎన్ని క్యూబిట్లో అన్ని పొరలున్న సర్క్యూట్ (గేట్ల, అంటే క్యూబిట్ల మీద చేసే చర్యల, వరస) నడుపుతాం. ప్రతి పొరలో క్యూబిట్లను కలగలిపి జతలు కట్టి, జతకో యాదృచ్ఛిక గేటు వేస్తాం. సిమ్యులేషన్‌లో మధ్యస్థం కన్నా ఎక్కువ సంభావ్యత వచ్చినవి హెవీ అవుట్‌పుట్లు. లోపమే లేకపోతే వాటి వాటా 0.85 దాకా ఉంటుంది, అంతా నాయిస్ అయితే 0.5. పాస్ కావాలంటే ఆ వాటా మూడింట రెండు వంతులు దాటాలి.

6 క్యూబిట్లకి లెక్క వేయండి. జతల గేట్లు 18, ఒక్కోదానికి 3 సీనాట్లు (రెండు క్యూబిట్ల ప్రాథమిక గేట్లు), మొత్తం 54. సీనాట్ ఎర్రర్ 1% అనుకుంటే 0.99ని 54 సార్లు గుణిస్తే 0.58, అంటే లోపం లేకుండా నడిచే అవకాశం. రీడౌట్‌లో (ఫలితం చదవడంలో) క్యూబిట్‌కి ఇంకో 1% పోతే హెవీ వాటా 0.69. గీత మీదే ఉన్నాం! గేటు, రీడౌట్, కనెక్టివిటీ, కంపైలర్ అన్నిటి బండారం ఒకే పరీక్షలో బయటపడుతుంది.

అడుగు_కొలత:
బండారం బయటపడుతుంది గానీ దొంగ దొరకడు. 0.69 వచ్చింది సరే, టీ1 (క్యూబిట్ ఉత్తేజిత స్థితిలో నిలిచే సమయం) పడిపోయిందా? క్రాస్‌టాకా (పక్క క్యూబిట్ల జోక్యమా)? రీడౌటా? అది తెలియాలంటే రాండమైజ్డ్ బెంచ్‌మార్కింగే గతి. క్లిఫర్డ్ గేట్ల (మామూలు కంప్యూటర్‌తో తేలిగ్గా సిమ్యులేట్ చేయగల ఒక గేట్ల కుటుంబం) వరస వేసి, చివర వాటన్నిటినీ రద్దుచేసే గేటు వేసి, మొదటి స్థితికి ఎంత వంతు తిరిగొచ్చిందో చూస్తాం. వరస పొడవు పెంచుకుంటూ పోయి తరుగుదల గీతకి ఫిట్ చేస్తే ప్రిపరేషన్, రీడౌట్ లోపాలు స్థిరాంకాల్లోకి పోతాయి, గేటు లోపం తరుగు రేటులో మిగులుతుంది. రెండు క్యూబిట్ల క్లిఫర్డ్‌లో సగటున 1.5 సీనాట్లుంటాయి. దానితో భాగించారో లేదో చెప్పకుండా అంకె చూపిస్తే నమ్మకండి.

అయాన్_పక్షం:
మా మెషీన్లలో అయాన్లే క్యూబిట్లు. ఏ అయాన్‌కైనా ఏ అయాన్‌తోనైనా గేటు వేయొచ్చు, స్వాప్‌ల (దూరపు క్యూబిట్లని దగ్గరికి తేవడానికి వేసే అదనపు గేట్ల) గోలే లేదు 🙂 అయాన్ మెషీన్లు చేసే క్వాంటినియం కంపెనీ 2024 ఏప్రిల్‌లోనే క్యూవీ 10,48,576ని అందుకుంది.

హెవీ_అవుట్‌పుట్:
@అడుగు_కొలత, మీ బెంచ్‌మార్కింగ్ కోహెరెంట్ లోపాన్ని (ప్రతిసారీ ఒకే దిశలో వచ్చేదాన్ని) సగటులో కలిపేస్తుంది. గేటు ప్రతిసారీ 1.4 డిగ్రీలు ఎక్కువ తిరుగుతోందనుకోండి. మీ లెక్కలో ఆ లోపం 0.01% మాత్రమే, 50 గేట్లకి 0.5%. కానీ అల్గారిదమ్‌లో అవే గేట్లు ఒకే అక్షం మీద వరసగా వస్తే 70 డిగ్రీలు పోగవుతుంది, క్యూబిట్ తప్పుగా చదవబడే అవకాశం 33%. 0.5 ఎక్కడ, 33 ఎక్కడ?

అడుగు_కొలత:
దానికి మందు ఎప్పటినుంచో ఉంది. అదే గేటుని వరసగా వేసి కోణాన్ని పెంచి చూసి, పల్స్ ఎత్తు దిద్దుతాం. మిగిలినదాన్ని పౌలీ ట్విర్లింగ్‌తో (అటూ ఇటూ యాదృచ్ఛికంగా పౌలీ గేట్లు చేర్చి) యాదృచ్ఛిక లోపంగా మార్చేస్తాం. మీరు మాత్రం 21 క్యూబిట్ల ప్రశ్నకి జవాబివ్వలేదు. పైగా మీ పరీక్షకి ఆదర్శ ఫలితం సిమ్యులేట్ చేసి తీరాలి. 20 క్యూబిట్లకి ల్యాప్‌టాప్ చాలు. 60 క్యూబిట్లు, 60 పొరలంటే ఎవరు చేస్తారు?

హెవీ_అవుట్‌పుట్:
60 దాకా ఎందుకండీ, ముందు చిన్నవాటికి సరిగ్గా పాస్ అవ్వమనండి. సగటు మూడింట రెండు వంతులు దాటితే చాలదు, రెండు సిగ్మాలు (గణాంక అనిశ్చితికి రెట్టింపు) తీసేశాక కూడా దాటాలి. 100 సర్క్యూట్లతో 0.75 వచ్చినా 0.663కి పడిపోయి ఫెయిల్. 0.70 వస్తే సుమారు 760 సర్క్యూట్లు కావాలి.

కొత్త_క్యూబిట్:
నేనడిగింది సిగ్మా గురించి కాదండీ.

అడుగు_కొలత:
ఆయనకి అది వినపడదులెండి. క్యూవీ అంకెలు ఎలా వస్తాయో అందరికీ తెలుసు సార్. కాలిబ్రేషన్ (గేట్లని సరిదిద్దడం) అయిన వెంటనే, చిప్‌లో మంచి క్యూబిట్లు ఏరి, ఒక్కో సర్క్యూట్‌నీ విడిగా ఆప్టిమైజ్ చేసి నడుపుతారు. సాయంత్రానికి ఒక క్యూబిట్ ఫ్రీక్వెన్సీ మీద టీఎల్‌ఎస్ డిఫెక్ట్ (చిప్ పదార్థంలోని సూక్ష్మ లోపం) వచ్చి కూర్చుంటే టీ1 సగమవుతుంది. వెబ్‌సైట్‌లో అంకె మాత్రం మారదు. దీన్ని కొలత అంటారా, ప్రకటన అంటారా?

హెవీ_అవుట్‌పుట్:
ఏరుకోవడం నేరమా? యూజర్ ఏరుకోడా? కంపైలర్ ఎందుకుంది మరి?

అడుగు_కొలత:
యూజర్ సర్క్యూట్‌కే 100 క్యూబిట్లు కావాలంటే ఏరడానికి ఏం మిగులుతుంది? విడివిడిగా కొలిచిన గేట్లలో మధ్యస్థాన్ని డేటాషీట్‌లో పెట్టి అమ్మినవాళ్ళ పుణ్యమా అని మాకీ అనుమానం పట్టుకుంది. గేట్లన్నీ ఒకేసారి నడిపితే అందులో ఒక్క అంకె నిలబడలేదు.

హెవీ_అవుట్‌పుట్:
అంటే మీ గొడవ క్యూవీతో కాదు. మెషీన్ అత్యుత్తమంగా ఏం చేయగలదో కొలవాలా, మామూలు రోజున యూజర్‌కి ఏం దొరుకుతుందో కొలవాలా అని.

అడుగు_కొలత:
మొదట్నుంచీ చెబుతున్నది అదే!

హెవీ_అవుట్‌పుట్:
ఎక్కడ చెప్పారు? క్లిఫర్డ్ పాఠం చెప్పారు.

అడుగు_కొలత:
సరే, ఇప్పుడు చెబుతున్నా. లేయర్ ఫిడెలిటీ (పొర మొత్తం ఎంత కచ్చితంగా నడిచిందో చెప్పే కొలత) చూడండి, 2023లో ఐబీఎం వాళ్ళే తెచ్చారు. 100 క్యూబిట్ల గొలుసులో 99 గేట్లని రెండు పొరలుగా విడగొట్టి, ఒక్కో పొరలోని గేట్లన్నీ ఒకేసారి నడిపి కొలుస్తారు. క్రాస్‌టాక్ దాక్కోలేదు. గేటుకి సగటు లోపం 0.8% అంటే మొత్తం గొలుసు ఫిడెలిటీ 0.45. అందులో ఒక్క గేటు పాడైనా కనపడుతుంది.

హెవీ_అవుట్‌పుట్:
పక్కపక్క గేట్లే కదా అందులో. దూరపు క్యూబిట్లని కలపడానికి పడే స్వాప్‌ల భారం మాటేమిటి? గొలుసు మాత్రం ఏరింది కాదా?

అద్దం_సర్క్యూట్:
ఇద్దరూ ఆగండి. మిర్రర్ సర్క్యూట్లుంటే సిమ్యులేషనే అక్కర్లేదు. సర్క్యూట్ సగం నడిపి, మిగతా సగం దాన్నే వెనక్కి తిప్పితే రావాల్సిన ఫలితం ముందే తెలుసు. ఎన్ని క్యూబిట్లకైనా సాగుతుంది.

అడుగు_కొలత:
ఊరికే వెనక్కి తిప్పితే ముందుకెళ్ళినప్పటి కోహెరెంట్ లోపం తిరుగు దారిలో రద్దయిపోతుంది, మెషీన్ ఉన్నదానికన్నా మంచిదిగా కనపడుతుంది. మధ్యలో యాదృచ్ఛిక పౌలీ గేట్లు పెట్టారా?

అద్దం_సర్క్యూట్:
మధ్యలోనే కాదు, ప్రతి పొర మధ్యా పెట్టి పక్క గేట్లలో కలిపేస్తాం. క్యూబిట్లూ పొరలూ వేర్వేరుగా పెంచుకుంటూ గళ్ళ పటం గీస్తే ఏ వెడల్పుకి ఏ లోతు దగ్గర చచ్చిపోతుందో కనపడుతుంది. కాలిబ్రేషన్ అయిన గంటకొకటి, పన్నెండు గంటలకొకటి గీసి పక్కపక్కన పెట్టండి.

హెవీ_అవుట్‌పుట్:
పటం బాగానే ఉంటుంది. ఒక్కో గడికి ఎన్ని సర్క్యూట్లు నడుపుతారు, ఎర్రర్ బార్ ఎంత? అది చెప్పండి ముందు.