శ్రీముఖలింగం వ్యాసం కోసం: వేరే సైట్‌లోని పేరాలు, ఫోటోలు వికీపీడియాలో పెట్టొచ్చా?

వంశధార_ఒడ్డు:
తెలుగు వికీపీడియాలో శ్రీముఖలింగం వ్యాసాన్ని పెంచుదామనుకుంటున్నాను. గుడి చరిత్ర ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నాలుగు పేరాల్లో చక్కగా ఉంది. కింద లింకు ఇచ్చి, అక్కడక్కడా మాటలు మార్చి పెట్టేస్తే చాలా? ఫేస్‌బుక్‌లో ఒకాయన పెట్టిన గుడి ఫోటో కూడా ఉంది, అడిగితే "వికీలో వాడుకోండి బాబూ" అన్నారు. ఇంకోటి: గురజాడ, గిడుగు, కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) రచనలు పూర్తిగా ఎక్కించవచ్చా?

మూడులాంతర్లు:
చాలదండీ. లింకు ఇస్తే సమాచారం ఎక్కడిదో తెలుస్తుంది, అంతే. రాసినవాళ్ల హక్కు అలాగే ఉంటుంది. ప్రభుత్వ సైట్ కదా అని ధీమా వద్దు, మన చట్టంలో ప్రభుత్వ రచనకీ ప్రచురించాక 60 ఏళ్ల కాపీహక్కు ఉంది.

సమాచారం మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. గుడి జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉంది, మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు ఉన్నాయి, ఇవి ఎవరైనా రాయొచ్చు. వాటిని చెప్పిన వాక్యాలు, పేరాల వరస వాళ్లవి. "నిర్మించారు" తీసేసి "కట్టించారు" పెట్టడం తిరగరాయడం కాదు. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

పద్ధతి ఇదీ: రెండు మూడు మూలాలు చదివి ముక్కలుగా నోట్సు రాసుకోండి. వాటిని మూసేసి, నోట్సు చూసి మీ వాడుకరి పేజీ కింద ప్రయోగశాలలో (చిత్తుప్రతి రాసుకునే పేజీలో) రాయండి. తర్వాత మూలం పక్కన పెట్టి పోల్చండి. వరస అదే వచ్చిందంటే మళ్లీ రాయాల్సిందే. ఇంగ్లీషు వికీ నుంచి అనువదిస్తే దిద్దుబాటు సారాంశంలో (భద్రపరిచేటప్పుడు ఏం మార్చారో రాసే గడిలో) ఆ వ్యాసం లింకు ఇవ్వాలి. అక్కడి పాఠ్యం సీసీ బై-ఎస్‌ఏ 4.0 అనే స్వేచ్ఛా లైసెన్సులో ఉంది, రాసినవాళ్లకి పేరు దక్కడం అందులో షరతు.

గంటస్తంభం:
ఫోటో సంగతి. "వికీలో వాడుకోండి" అన్న మాట పనికిరాదు. కామన్స్‌లోకి (వికీపీడియా బొమ్మలు దాచే సైట్‌లోకి) వెళ్లే బొమ్మని ఎవరైనా, వ్యాపారానికైనా, మార్చుకుని అయినా వాడుకునేలా ఇవ్వాలి. కాబట్టి ఆయన చేతే ఖాతా తెరిపించి, ఫోను నుంచి తీసిన అసలు ఫైలు ఎక్కించమనడం తేలిక. లేదంటే లైసెన్సు పేరు స్పష్టంగా రాసి కామన్స్ అనుమతుల బృందానికి ఆయనే మెయిలు పంపాలి. ఆయన తీసిన ఫోటోయేనా అని ముందు అడగండి, ఫేస్‌బుక్‌లో సగం ఫోటోలు ఫార్వార్డులే.

అన్నిటికన్నా సుళువు మీరే వెళ్లి తీసుకోవడం. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న కట్టడాన్ని, శిల్పాన్ని ఫోటో తీసుకోడానికి మన చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. గోడ మీద ఈ కాలం పెయింటింగు, సమాచార బోర్డు క్లోజప్ తీస్తే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

బొబ్బిలి_వీణ:
పుస్తకాల లెక్క: రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1992 సవరణకి ముందు ఇది 50 ఏళ్లే. గురజాడ 1915లో, గిడుగు 1940లో పోయారు. ఇద్దరికీ పాత గడువే తీరిపోయింది, తర్వాత పెంచిన పదేళ్లు వాళ్లకి అంటవు. కారా మాస్టారు 2021లో పోయారు, అంటే 2081 చివరిదాకా హక్కు వారసులదే. కథానిలయం సైట్‌లో కథ చదవడానికి దొరుకుతోంది కదా అని ఎక్కించకూడదు. ఒకటి రెండు వాక్యాలు కొటేషన్లలో, మూలంతో సహా ఇవ్వొచ్చు.

పూర్తి పుస్తకాలకి చోటు వికీపీడియా కాదు, దాని సోదర సైట్ వికీసోర్స్. 'కన్యాశుల్కం' కొత్త ముద్రణ స్కాన్ చేస్తే ముందుమాట, అట్టబొమ్మ, సంపాదకుల వివరణలు తీసేయండి, వాటి హక్కులు వేరేవాళ్లవి. 1909 నాటి ముద్రణ స్కాన్ దొరికితే ఈ తలనొప్పే ఉండదు.

వంశధార_ఒడ్డు:
సరేనండీ, ఫోటోలు నేనే తీస్తాను. ఆ నాలుగు పేరాలు నిన్ననే ప్రయోగశాలలో అతికించాను, అక్కడైనా ఉంచొచ్చా?

మూడులాంతర్లు:
వద్దు, ప్రయోగశాల కూడా అందరికీ కనబడే పేజీయే. చెరిపేసినా పేజీ చరిత్రలో ఉండిపోతుంది. నిర్వాహకులని అడిగి ఆ కూర్పు దాయించండి, లేదా పేజీయే తీయించుకోండి. నోట్సు మీ కంప్యూటర్లో పెట్టుకోండి.