చేపల తొట్టి పంపుకు ఎక్స్‌టెన్షన్ కేబులు ఇంట్లో చేసుకోవచ్చా?

గోదారిగట్టు
కిటికీ పక్కన ఎండ తగిలి నాచు పడుతోందని మా నాలుగడుగుల తొట్టిని లోపలి గోడకు మార్చాను. ఇప్పుడు పంపు వైరు చాలడం లేదు. పంపు 18 వాట్లది, దాని వైరు మీటరున్నర. స్విచ్చు బోర్డేమో మూడున్నర మీటర్ల దూరంలో ఉంది. బజారులో దొరికే ఎక్స్‌టెన్షన్ పెట్టె తెస్తే అది నేల మీద ఉండాలి. నీళ్లు మార్చే రోజు అక్కడంతా తడి. అందుకని వైరు, ప్లగ్గు, సాకెట్టు కొని నేనే చేసుకుందామనుకుంటున్నాను. లేకపోతే పంపు వైరునే కోసి మధ్యలో అతకమంటారా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

రాగితీగ
ధైర్యంగా చేసుకోండి. పదకొండేళ్లుగా నేను చేసుకున్నవే వాడుతున్నాను. లెక్క చూడండి. 18 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆంపియరులో పదో వంతు కూడా రాదు. దానికి 30 వాట్ల లైటు, చలికాలంలో 200 వాట్ల హీటరు కలిపినా ఒక ఆంపియరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు అది ఏ మాత్రం బరువు కాదు. ఐఎస్ఐ ముద్ర, పైన గుండ్రటి తొడుగు ఉన్న వైరు తీసుకోండి. మీ పంపుకు రెండు పిన్నులే కాబట్టి లోపల రెండు తీగలు చాలు. పంపు వైరును మాత్రం కోయకండి, కోస్తే వారంటీ పోయినట్టే.

మూడోపిన్ను
రెండు తీగలతో ఎక్స్‌టెన్షన్ చేయమని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఎక్స్‌టెన్షన్‌ను పంపును చూసి కాదు, రేపు దానికి ఏమేమి తగిలిస్తారో చూసి చేయాలి. ఈ నెల పంపు, వచ్చే నెల లోహపు మూత ఉన్న లైటు, పండుగ రోజున ఇస్త్రీపెట్టె. మూడు తీగల వైరే తీసుకోండి. గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఎర్త్.

గప్పీలవాడు
మీది గాలి పంపు అయితే తొట్టి నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టండి. కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి.

రాగితీగ
నేను పెట్టేది రెండు రంధ్రాల సాకెట్టు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు అందులో దూరనే దూరదు. దూరని ప్లగ్గు కోసం ఎర్త్ తీగ ఎందుకు? నీళ్లలో ఉండే పంపుకు లోహపు ఒళ్లు లేదు. దాని మోటారు చుట్టను రెజిన్‌లో పోత పోసి మూసేస్తారు. ఎర్త్ తగిలించడానికి అక్కడ చోటే లేదు.

మూడోపిన్ను
మన ఇళ్లలో మూడో పిన్ను విరిచి రెండు రంధ్రాల్లోకి తోసేవాళ్లను మీరు చూడలేదా?

రాగితీగ
చూశాను. అది విరిచినవాళ్ల తప్పు, నా కేబులు తప్పు కాదు.

ఉప్పునీరు
ఇక్కడ ఎవరూ 24 వోల్టుల డీసీ పంపుల మాట ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. వాటికి ఎక్స్‌టెన్షన్ చేసేటప్పుడు లెక్క మారిపోతుంది. రెండు ఆంపియర్లు లాగే పంపుకు అయిదు మీటర్లు పొడిగిస్తే, వెళ్లే దారి వచ్చే దారి కలిపి పది మీటర్ల తీగ. 0.75 వైరులో దాదాపు అర వోల్టు పోతుంది, ఫరవాలేదు. స్పీకర్లకు వాడే సన్నటి వైరు వేస్తే రెండు వోల్టుల దాకా పోయి పంపు నీరసపడుతుంది. కంట్రోలరుకూ పంపుకూ మధ్య చాలా వాటికి మూడు తీగలు ఉంటాయి. వాటిలో ఏ రెండు తారుమారైనా మోటారు ఎదురు తిరుగుతుంది. పొడిగించాలంటే అడాప్టరుకూ కంట్రోలరుకూ మధ్య పొడిగించండి.

నీటిమొక్క
వైరు తొట్టిలోంచి నేరుగా సాకెట్టుకు వెళ్లకూడదు. సాకెట్టు కన్నా కిందకి ఒక వంపు వేలాడాలి. వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. సాకెట్టును నేల మీద వదలకుండా గోడకు ఎత్తులో బిగించండి.

గోదారిగట్టు
ధన్యవాదాలు. వంపు సంగతి నాకు తెలియదు. తీగ చివర్లను సోల్డరు చేసి స్క్రూ కింద బిగించనా, ఊరికే మెలేసి బిగించనా?

రాగితీగ
సోల్డరు చేయండి, పోగులు విడిపోవు.

మూడోపిన్ను
చేయకండి. సోల్డరు మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి కొన్నాళ్లకు నలిగి బిగువు తగ్గుతుంది. అక్కడే వేడెక్కుతుంది. పోగులకు చిన్న రాగి గొట్టం తొడిగి నొక్కి బిగించాలి.

రాగితీగ
ఆ వేడి ఎన్ని ఆంపియర్లకు? ఆంపియరులో పదో వంతు కూడా లేని చోట ఏం వేడెక్కుతుంది? పుస్తకంలో రాసింది ప్రతి చోటా తెచ్చి పెట్టకండి. బజారు పెట్టెల సంగతి చెబుతాను వినండి. మొదట్లో నేనూ కొన్నదే వాడాను. పదకొండేళ్ల క్రితం ఒక రాత్రి కాలిన వాసన వచ్చి లేచి చూస్తే పెట్టె ఒక మూల కరిగి ఉంది. విప్పితే లోపల ఇత్తడి పట్టీ కాగితంలా పలచగా ఉంది. వైరు తీగను గీరితే రాగి పూత కింద అల్యూమినియం. ఫిల్టరు ఎప్పుడు ఆగిందో తెలియదు, తెల్లారేసరికి ఆరేళ్లు పెంచిన గోల్డ్‌ఫిష్‌లు రెండు పోయాయి. దుకాణానికి తీసుకెళ్తే "మీరే ఎక్కువ లోడు వేశారు" అన్నారు. 40 వాట్లు కూడా లేవు దాని మీద. ఆనాటి నుంచి నా చేత్తో బిగించని స్క్రూను నమ్మను.

మూడోపిన్ను
చేపలు పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ మీరు ప్రతిసారీ వైరు మోయగలదా లేదా అనే మాట్లాడుతున్నారు. నేను అడిగేది వేరు. తొట్టిలో కరెంటు లీకైన రోజు ఏమవుతుంది? గాజు తొట్టి నేలకు తగలదు, చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి, ఎక్కువ లోడుకే తెగే ఎంసీబీ పడిపోదు. తడి నేల మీద నిలబడి చెయ్యి పెట్టిన మనిషి గుండానే దారి పూర్తవుతుంది. భీమవరం దగ్గర మా బావ రొయ్యల చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు కేబులుకు గట్టు మీద ఒక అతుకు ఉండేది. వేసినవాడు మంచి పనివాడే, ఆ అతుకును ఎత్తులో కర్రకు కట్టి ఉంచేవాడు. అతను ఊరెళ్లిన వారం గాలికి కర్ర పడింది. ఏరేటరు తిరుగుతూనే ఉంది. దాన్ని సరిచేద్దామని మా బావ నీళ్లలోకి దిగాడు. ఇంతకన్నా రాయలేను.

గప్పీలవాడు
అయ్యో.

రాగితీగ
మీ బావ గారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఆ అతుకునూ నా కేబులునూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నా కేబులులో అతుకే లేదు.

మూడోపిన్ను
అతుకు గురించి కాదండీ చెబుతున్నది. ఆ కర్ర ఎందుకు కట్టాడో కట్టినవాడికి ఒక్కడికే తెలుసు. మీ కేబులులో ఏది తాకకూడదో మీకు తెలుసు. మీరు ఊళ్లో లేని రోజున చేపలకు మేత వేసే మీ అమ్మగారికి తెలుసా? పనిమనిషికి తెలుసా? సొంతంగా చేసుకోవడం మీద నాకున్న అభ్యంతరం ఇదొక్కటే, ఎర్త్ తీగ దానికొక గుర్తు మాత్రమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తొట్టి పక్కనే కొత్త పాయింటు వేయించుకోండి. బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే తెగే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ గొడవే ఉండదు.

రాగితీగ
ఇక్కడే నాకు కోపం వచ్చేది. "పాయింటు వేయించుకోండి" అంటారు, అది ఎవరి గోడ? నేను ఉండేది అద్దె ఇల్లు. ఇది నాలుగో ఇల్లు. మేకు కొట్టనివ్వని ఇంటివాళ్లు గోడ తవ్వనిస్తారా? బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించమని కిందటి ఇంట్లో అడిగాను, నా ఖర్చుతోనే అన్నాను. "ఇన్నేళ్లుగా లేనిది మీకే ఎందుకు" అన్నారు. సొంత ఇల్లున్నవాళ్లు చెప్పే జాగ్రత్తలన్నీ సొంత ఇల్లున్నవాళ్లకే పనికొస్తాయి. నా చేతిలో ఉన్నది కేబులు ఒక్కటే, కాబట్టి దాన్నే బాగా చేసుకుంటాను.

నీటిమొక్క
మాదీ అద్దె ఇల్లే. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

మూడోపిన్ను
ఇది మొదటే చెప్పి ఉంటే నేను గోడ మాట ఎత్తేవాడిని కాదు, క్షమించండి. అయితే ఆర్‌సీసీబీని కేబులులోనే పెట్టుకోండి. గోడ మీద బిగించే చిన్న ప్లాస్టిక్ పెట్టె, అందులో రెండు పోల్స్ ఉన్న 25 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని గుండా పోవాలి, ఎర్త్ పక్క నుంచి పోవాలి. అది ప్లగ్గు వైపు ఉండాలి, తొట్టి వైపు కాదు. అప్పుడే దాని తరువాతి కేబులంతా కాపలాలో ఉంటుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆ తేడాను చూసి తెగుతుంది. ఇంటి ఎర్త్ బాగా లేకపోయినా పని చేస్తుంది. ఇల్లు మారినప్పుడు మీతోనే వస్తుంది.

రాగితీగ
ఇది చేస్తాను. ఈ ఆదివారమే చేస్తాను. పెట్టెలోంచి వైరు జారకుండా రెండు వైపులా దాన్ని పట్టి ఉంచే గ్లాండు బిగిస్తాను. తీగలు మాత్రం నా పంపుకు రెండే.

మూడోపిన్ను
మూడు. ఈ విషయంలో నేను మారను.

గోదారిగట్టు
ఇదంతా చదివాక మా బోర్డు తెరిచి చూశాను. మాది సొంత ఇల్లే, ఆర్‌సీసీబీ ఉంది, కట్టినప్పుడే పెట్టించాం. దాని మీద చిన్న టెస్ట్ మీట ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ నొక్కలేదు. ఇప్పుడు నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను, ఇంట్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అలా అయితే పాడైనట్టేనా?

మూడోపిన్ను
పాడైనట్టే. మార్పించేదాకా తొట్టిలో చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్చు ఆపితే చాలదు.

రాగితీగ
అవును, పీకండి. కేబులు సంగతి తరువాత చూద్దాం.

గోదారిగట్టు
ఎలక్ట్రీషియన్ రేపు ఉదయం వస్తానన్నాడు. చేపలకు మేత ఎవరూ వేయవద్దని అమ్మకు చెప్పాను.